సబ్బు పెట్టకే, నీలం తిరుగుద్ది!

మా అమ్మ ఉన్నన్నాళ్ళూ నాకు రెండు విషయాల్లో దిగులుండేది కాదు. ఒకటి ఆవకాయ, రెండోది మరకలు. ఏ బట్ట మీద ఏం పడినా వెంటనే ఫోను చేసేదాన్ని. "ఏం పడింది? ఎంతసేపయింది? సబ్బు పెట్టావా?" అని డాక్టరులాగా మూడు ప్రశ్నలు అడిగేది. మూడోదానికి నేను "పెట్టాను" అన్నానంటే అటునుంచి పెద్ద నిట్టూర్పు వినపడేది. ఇక ఆ బట్ట మీద ఆశ వదులుకోవచ్చన్నమాట.

ఈ సబ్బు గొడవ మా చిన్నప్పటిది. తెనాలి దగ్గర మా ఊళ్ళో, మా పెరట్లో నేరేడు చెట్టు ఉండేది. తొలకరి రోజుల్లో పళ్ళు రాలి నేలంతా ఊదారంగు అయిపోయేది. నేనూ చెల్లీ పోటీపడి ఏరుకునేవాళ్ళం. అది తిన్నంతా తిని, చేతులు తెచ్చి నా లంగాకి తుడిచేది. అమ్మ చూస్తే తిడుతుందని నేను నూతి దగ్గరికి పోయి, బట్టల సబ్బు పెట్టి బరబరా రుద్దేదాన్ని. ఊదాగా ఉన్న మరక కాస్తా నీలంగా మారి, ఇంకా వెడల్పయి కూర్చునేది. "సబ్బు పెట్టకే, నీలం తిరుగుద్ది అని ఎన్నిసార్లు చెప్పాను పెద్దదానా!" అని అమ్మ నా వీపు మీద ఒకటి వేసి, లంగా లాక్కునేది. ముందు చన్నీళ్ళు, తర్వాత నిమ్మచెక్కా ఉప్పూ, అన్నీ అయ్యాక చిట్టచివర సబ్బు, ఆపైన ఎండ. ఇదీ అమ్మ వరస.

అప్పట్లో అదేదో చాదస్తం అనుకున్నాను. తెలుగు బీయే చదివినదాన్ని, నాకు సైన్సేం తెలుస్తుంది? మా అబ్బాయి ఇంటర్లో కెమిస్ట్రీ చదువుతున్నప్పుడు వాడు చెప్తే అర్థమయింది. నేరేడులోనూ, నల్లద్రాక్షలోనూ ఉండే రంగు ఒకే జాతిదట. ఆంథోసయనిన్లు అంటారట. పులుపు తగిలితే ఎర్రబడతాయి, క్షారం తగిలితే నీలం తిరుగుతాయి. బట్టల సబ్బులో ఉండేది క్షారమే కదా! పసుపుది దీనికి ఎదురు వరస. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రనీళ్ళయినట్టే, పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రగా అవుతుంది. మనం దిష్టి తీసే ఎర్రనీళ్ళలో ఇంత చదువుందని నాకు నలభై ఏళ్ళొచ్చాక తెలిసింది. అమ్మకి చదువు లేకుండానే తెలుసు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ నేరేడు పాఠం నాకు ఏడు సముద్రాల అవతల అక్కరకొచ్చింది.

మా చెల్లి వాళ్ళు డల్లాస్ దగ్గర ఇల్లు కొనుక్కున్నారు. గృహప్రవేశానికి రమ్మని టిక్కెట్టు పంపింది. పాలు పొంగించాం, వ్రతం చేసుకున్నాం, ఎర్రనీళ్ళు తీశాం. ఇల్లు బాగుంది కానీ కింద హాలు నిండా, గోడ నుంచి గోడ దాకా, మీగడ రంగు కార్పెట్టు. కుంకుమ డబ్బా చేత్తో పట్టుకుంటేనే నాకు గుండె దడ. "ఇదేం రంగే, పసుపు కుంకాలున్న ఇంట్లో!" అంటే, "మేం వేయించలేదక్కా, ఇంటితోపాటే వచ్చింది" అంది.

రెండ్రోజుల తర్వాత శనివారం సాయంత్రం. నాకింకా పగలూ రాత్రీ కుదురుకోలేదు. ఆరింటికే కళ్ళు మూతలు పడుతుంటే పైన గదిలోకి వెళ్ళి పడుకున్నాను. ఎనిమిదిన్నరకి మెలకువొచ్చింది. కింద నవ్వులు వినపడుతున్నాయి. చెల్లి స్నేహితులు వచ్చినట్టున్నారు. నైటీతో దిగలేను కదా, సూట్‌కేసు తెరిచాను.

అడుగున అమ్మ చీర ఉంది.

దాని గురించి మీకు చెప్పాలి. వెంకటగిరి నూలు చీర, పాలమీగడ రంగు, సన్నటి జరీ అంచు. నాన్న వెంకటగిరి వెళ్ళినప్పుడు తెచ్చింది. పండగైనా, పేరంటమైనా అమ్మ దాన్నే తీసేది. 2021 మే నెలలో అమ్మ పోయింది. ఆ రోజులు ఎలాంటివో మీ అందరికీ తెలుసు. మే 4 నుంచి అమెరికా, అక్కడి పౌరులూ గ్రీన్‌కార్డు వాళ్ళూ వాళ్ళ కుటుంబాలూ కాక, మన దేశం నుంచి వచ్చేవాళ్ళలో చాలామందిని ఆపేసింది. చెల్లి వాళ్ళది ఉద్యోగం వీసా. వస్తే తిరిగి ఎప్పుడు వెళ్ళగలదో తెలియదు. అక్కడ మూడేళ్ళ పిల్లాడు. అది రాలేదు. అమ్మని ఫోనులోనే చూసింది.

పెద్దకర్మ అయ్యాక అమ్మ చీరలన్నీ మంచం మీద పరిచి, వీడియో కాల్ చేశాను. "నీకేం కావాలో చెప్పవే" అన్నాను. "నీ ఇష్టం అక్కా, నువ్వే చూసి పంచు" అంది. ఒక్క చీర కూడా అడగలేదు. దీనికేం పట్టింపు లేదనుకున్నాను. వెంకటగిరి చీర నా వైపు పెట్టుకున్నాను. ఇప్పటిదాకా దాన్ని ఉతకలేదు. బీరువాలో అమ్మ వేసే కర్పూరం గోలీల వాసనా, సాంబ్రాణి వాసనా ఇంకా దాన్లో అలాగే ఉన్నాయి. ఏటా సంవత్సరీకం నాడు ఓ గంట కట్టుకుని, నీడన ఆరవేసి మడతపెట్టేదాన్ని.

గృహప్రవేశానికి కట్టుకుందామని దాన్ని తెచ్చాను. తీరా వచ్చాక బయటికి తీయలేదు. నిజం చెప్పాలంటే, చూస్తే ఇమ్మని అడుగుతుందేమోనని భయం. పట్టుచీరతోనే పూజ కానిచ్చేశాను. ఆ రాత్రి ఆ కొత్త గదిలో కూర్చుంటే, అమ్మ ఉంటే ఈ ఇల్లంతా తిరిగి ఎంత మురిసేదో అనిపించింది. ఇంకేం ఆలోచించకుండా చీర తీసి కట్టుకుని కిందికి దిగాను.

మెట్ల దగ్గర అలికిడికి చెల్లి ఇటు తిరిగింది. దాని చేతిలో పొడుగు కాడ గ్లాసు. అందులో ఎర్రగా ఏదో ఉంది. అది నన్ను చూసి అలా ఉండిపోయింది. మర్నాడు చెప్పింది, ఒక్క క్షణం అమ్మే దిగొస్తోందనుకుందట. తర్వాత గబుక్కున గ్లాసు వెనక్కి దాచబోయింది. దాచబోతూనే నా వైపు రెండడుగులు వేసింది. కార్పెట్టు మడతకి కాలు తట్టుకుంది. సగం గ్లాసు నా కుచ్చిళ్ళ మీద, మిగతా సగం కార్పెట్టు మీద!

"ద్రాక్షరసం అక్కా" అంది ముందు. వాసన నాకు తెలియదా? మర్నాడు చూద్దును కదా, బియ్యం బస్తా వెనకాల ఇంకో సీసా ఉంది! నేను వచ్చిన దగ్గర్నుంచీ అక్కడ దాచిందట. నలభై ఏళ్ళ మనిషి, ఇల్లు కొన్న మనిషి, అక్కకి భయపడి సీసా దాచింది. కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ ముందు మరక చూడాలి కదా.

ఈలోగా అందరూ తలో సలహా. ఒకావిడ బ్రష్ తెచ్చి రుద్దబోయింది. ఇంకొకాయన తెల్ల వైను పొయ్యమన్నాడు, ఎర్ర వైనుకి అదే విరుగుడట! మా మరిది ఉప్పు డబ్బా బోర్లించేశాడు. ఇంకో అమ్మాయి లాండ్రీ గదిలోంచి బ్లీచింగ్ సీసా పట్టుకొచ్చింది. నేను అరిచినంత పని చేసి అందరినీ ఆపాను. నేరేడు చెట్టు కింద పెరిగినదాన్ని, ఆ మాత్రం అధికారం లేదూ!

ముందు కార్పెట్టు సంగతి. రుద్దకూడదండీ, రుద్దితే రంగు పోగుల్లోకి ఇంకా దిగి, మరక వెడల్పవుతుంది. కాగితం తువ్వాళ్ళు మడిచి, పైనుంచి గట్టిగా అద్దాలి. అంచు నుంచి మధ్యకి రావాలి. తడిసిన కాగితం తీసేసి కొత్తది పెట్టాలి. ఉప్పు కాస్త తడి పీల్చింది, తప్పులేదు కానీ దాంతోనే మరక పోదు. తెల్ల వైను చేసేది నీళ్ళు చేసే పనే, పలచన చెయ్యడం. ఆ మాత్రం దానికి నీళ్ళు చాలు.

తర్వాత కాసిని చన్నీళ్ళు చల్లి మళ్ళీ అద్దాం. ఆపైన రెండు కప్పుల నీళ్ళలో ఒక పెద్ద చెంచా తెల్ల వెనిగర్, ఒక పెద్ద చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గుడ్డతో అద్దుతూ వచ్చాం. వెనిగర్ అంటే మన నిమ్మచెక్క పనే. మళ్ళీ మంచినీళ్ళు, మళ్ళీ అద్దడం. సబ్బు మిగిలితే ఆ చోటే దుమ్ము పడుతుంది. బ్లీచింగ్ మాత్రం చచ్చినా వద్దన్నాను. కార్పెట్టు రంగు పోవడం ఒకటి, వెనిగర్ పడిన చోట బ్లీచింగ్ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకి ప్రమాదం. ఇదీ మావాడి కెమిస్ట్రీ పుణ్యమే.

కార్పెట్టు కాస్త తెరిపిన పడ్డాక, వచ్చినవాళ్ళు మొహమాటంగా భోంచేసి వెళ్ళిపోయారు. నేను చీర మార్చుకుని, దాన్ని తీసుకుని వంటింటి సింకు దగ్గరికి వెళ్ళాను. చెల్లి వెనకే వచ్చింది. పైట కొంగు చేతిలోకి తీసుకుంది. మొహం దగ్గరికి తెచ్చుకుంది. అలాగే ఉండిపోయింది.

"అక్కా, ఇది ఉతకలేదా నువ్వు?"

"లేదు."

"ఉతికితే పోతుంది కదా!"

నాకూ తెలుసు. ఉతక్కపోతే మరక ముదురుతుంది. ఉతికితే అమ్మ వాసన పోతుంది. ఇద్దరం కొళాయి కట్టేసి అలా నిలబడ్డాం. ఆ పూట నాకు నిజంగా తోచలేదు.

దారి చెల్లే చెప్పింది. "మరక కుచ్చిళ్ళ దగ్గరే కదా. కొంగు తడవకుండా నేను పట్టుకుంటా, నువ్వు అక్కడి వరకే ఉతుకు." అయిదున్నర మీటర్ల చీర. కొంగు వైపు సగం దాని భుజం మీద వేసుకుని, రెండు చేతుల్తో పొదివి పట్టుకుని, గంటన్నర నిలబడింది. ఒక్కసారి కూడా కింద పెట్టలేదు.

నేను మరక వెనక వైపు నుంచి చన్నీళ్ళు వదిలాను. ముందు నుంచి పోస్తే రంగు బట్టలోకి ఇంకా దిగుతుంది. తర్వాత వెనిగర్, లిక్విడ్ రాసి పావుగంట ఉంచి జాడించాను. ముదురు ఎరుపు కాస్తా గులాబీ అయింది. తర్వాత మరక ఉన్న మేర ఒక పెద్ద గిన్నె మీద బిగించి, రబ్బరు బ్యాండు వేసి, అడుగెత్తు నుంచి మరిగే నీళ్ళు సన్న ధారగా పోశాను. ఇది నూలు బట్టకే సుమండీ! పట్టుకీ, ఉన్నికీ మరిగే నీళ్ళు తగలకూడదు. గులాబీ మరక కళ్ళ ముందే పలచబడుతుంటే చెల్లి "అమ్మ కూడా ఇలాగే చేసేదా?" అంది. "అమ్మకి వైను ఎవరు పోశారే!" అన్నాను. అప్పుడు నవ్వొచ్చింది ఇద్దరికీ.

చివరగా మందుల షాపులో దొరికే మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. గోధుమరంగు సీసాలో ఉంటుంది, పిల్లలకి దెబ్బలు తగిలితే వాడదామని చెల్లి తెచ్చిపెట్టుకుందట. వెనిగర్ అంతా పోయేలా జాడించాకే దాని జోలికి పోవాలి, ఆ రెండూ కలపకూడదు. లోపలికి దోపుకునే కొన మీద ముందు ఒక చుక్క వేసి, రంగు పోవడం లేదని చూసుకున్నాను. పెరాక్సైడ్ రెండు వంతులు, లిక్విడ్ ఒక వంతు కలిపి, జరీకి తగలకుండా మరక మీదే రాసి, అరగంట ఆగి జాడించాను. చెల్లి అలవాటు కొద్దీ "డ్రయర్‌లో వేద్దామా?" అంది. మరక పూర్తిగా పోకుండా వేడి తగిలితే ఇక అది ఎప్పటికీ పోదు. ఇస్త్రీ అయినా అంతే. కుర్చీల మీద ఆరేసి, ఇద్దరం ఒంటిగంటకి పడుకున్నాం.

పొద్దున్నే నేను కిందికొచ్చేసరికి, కార్పెట్టు మీద మరక మళ్ళీ తేలి ఉంది! రాత్రి పూర్తిగా పోయిందనుకున్నదే. ఏమవుతుందంటే, పైన తుడిచినా కొంత కింద మెత్తలోకి దిగుతుంది. రాత్రంతా ఆరేటప్పుడు పోగుల్ని పట్టుకుని మళ్ళీ పైకి పాకుతుంది. మళ్ళీ తడిపి అద్ది, ఈసారి పెరాక్సైడ్ నీళ్ళతో కూడా అద్దాం. వాళ్ళది నైలాన్ కార్పెట్టు, పైగా లేత రంగు, అందుకని. అదీ సోఫా వెనక మూల ముందు పరీక్ష చేశాకే. ఉన్ని కార్పెట్టయితే నేను ముట్టుకోను, తెలిసినవాళ్ళకి అప్పగించడమే. తర్వాత పొడి తువ్వాళ్ళు నాలుగు మడతలేసి, మీద బరువు పెట్టాలి. పైకి పాకేది తువ్వాల్లోకి పోతుంది. బరువు ఏముందని చూస్తే, వంటింట్లో వెట్ గ్రైండర్ రాళ్ళు కనపడ్డాయి. ప్లాస్టిక్ కవరు పరిచి వాటిని పెట్టాం.

ఆ రాళ్ళకి చెరో పక్కనా నేల మీద కూర్చుని కాఫీ తాగుతుంటే చెల్లి అంది.

"ఆ రోజు నేను ఈ చీర అడుగుదామనుకున్నా అక్కా."

"మరి అడగలేదేం?"

"రాలేనిదాన్ని. ఏ మొహం పెట్టుకుని అడగను?"

నేను ఏమీ అనలేకపోయాను. మూడేళ్ళుగా నేను బంధువులతో ఏమన్నానో గుర్తొచ్చింది. "దానికి ఇవన్నీ పట్టవండీ, అమెరికా మనిషి" అని ఎన్నిసార్లు అన్నానో! రాలేదన్నది ఒక్కటే నా మనసులో పెట్టుకున్నాను. రాలేక అది ఎలా ఉందో ఒక్కసారీ అడగలేదు. ఫోను పక్కన పెట్టుకుని, పిల్లాడు నిద్రపోయాక బాత్రూములో కూర్చుని ఏడ్చేదట. అది చెప్పాక నేనూ చెప్పాను, చీర సూట్‌కేసులో దాచిన సంగతి.

"నువ్వు చీర దాచావు, నేను సీసా దాచాను. చెల్లుకి చెల్లు" అంది. మా మరిది మెట్లు దిగుతూ, గ్రైండర్ రాళ్ళకి అటొకరు ఇటొకరు కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్న మమ్మల్ని చూసి, "వదినగారూ, కార్పెట్టు పోతే పోయిందిలెండి" అన్నాడు పాపం.

కార్పెట్టు బాగుపడింది. సాయంత్రం రాళ్ళు తీసి చూస్తే తువ్వాలు కింది మడతకి లేత గులాబీ రంగు అంటింది, నేల మీద ఏమీ లేదు. వైను సంగతి కూడా మాట్లాడుకున్నాం. నెలకో రెండు నెలలకో నలుగురూ కలిసినప్పుడు ఒక గ్లాసంట. నాకు నచ్చలేదు, నచ్చలేదనే చెప్పాను. దాచవద్దని కూడా చెప్పాను. బియ్యం బస్తా వెనక సీసా తర్వాతి రోజు నుంచి అల్మారాలోకి వచ్చింది. అది చూసి నేను కళ్ళు పక్కకి తిప్పుకునేదాన్ని. అలా సర్దుకున్నాం.

చీర అక్కడే వదిలి వచ్చాను. ముందు వద్దంది, తర్వాత ఇంకేం మాట్లాడకుండా తీసుకుని మల్లు గుడ్డలో చుట్టి పెట్టుకుంది. మొన్న దసరాకి కట్టుకుని వీడియో కాల్ చేసింది. ఫోను కుచ్చిళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, ఒక మడత విప్పి చూపించింది. గోరంత మేర, నేరేడు పండు తొక్క ఎండితే ఉండే రంగులో, ఉందా లేదా అన్నట్టు ఒక మరక ఉంది.

అమ్మయితే ఇంకో రెండు ఉతుకులు పడితే అదే పోతుందనేది. నిజమే, పోతుంది. కానీ మేం ఉతకం.